సూర్యాపేట దారిలో నెగెటివ్ మార్కులు

చిక్కడపల్లి నుంచి సూర్యాపేటకు కారులో దాదాపు మూడు గంటల దారి. ఏడేళ్ల పిల్లతో వెళ్తే అది ఎంతసేపైనా కావచ్చు. నా భార్య సుజాతకు అక్కడి బ్యాంకుకు బదిలీ అయినప్పటి నుంచి నెలకోసారి మా అమ్మాయి హాసినిని తీసుకుని వెళ్తున్నాను. ప్రతిసారీ అది ఏడ్చుకుంటూనే కారు దిగుతోంది. ఈసారి బయలుదేరే ముందు సుజాత ఫోన్లో తేల్చి చెప్పేసింది.

"ఈసారి గూడ పిల్ల ఏడ్చుకుంట దిగిందంటే జూన్ల ఇక్కడి బడిలనే ఏస్త. నెలనెలా దానికి ఈ గోస ఎందుకు?"

ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ హాసిని లేని ఇంటిని తలచుకుంటేనే నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. అందుకే ఈసారి పకడ్బందీగా సిద్ధమయ్యాను. నేను అశోక్ నగర్‌లో సివిల్స్ రాసేవాళ్లకు జాగ్రఫీ చెబుతాను. దారి పొడవునా అడగడానికి ప్రశ్నలు అనుకుని పెట్టుకున్నాను. ఆటకు ఆట, చదువుకు చదువు!

శనివారం పొద్దున ఆరున్నరకు కారు తీశాను. కింది వాటాలో ఉండే సరోజక్క కూడా సూర్యాపేటలో చెల్లెలి ఇంటికి వెళ్లాలనడంతో హాసిని పక్కన వెనక సీట్లో కూర్చుంది. నారాయణగూడలో ఇడ్లీలు కట్టించుకుని, కాచిగూడ మీదుగా వెళ్లి చాదర్‌ఘాట్ వంతెన దాటాం. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ వేళకే బయలుదేరడం మంచిది. పొద్దెక్కితే దిల్‌సుఖ్‌నగర్ దాటేసరికే వాళ్ల ఓపిక అయిపోతుంది.

ఎల్బీ నగర్ దాటగానే పరీక్ష మొదలుపెట్టాను. మొదటి రెండు ప్రశ్నలకు టకటకా చెప్పింది. మూడోది తప్పింది.

"తప్పుకు మూడో వంతు మార్కు కోత," అన్నాను. క్లాసులో రోజూ అనే మాట, ఆలోచించకుండా నోట్లోంచి ఊడిపడింది. తర్వాతి ప్రశ్నకు పిల్ల గొంతు సన్నబడింది. అద్దంలో చూస్తే కళ్లనిండా నీళ్లు.

"ఏంది సార్, ఇది కారా, కోచింగ్ సెంటరా? రెండో క్లాసుల్నే పిల్లకు సర్కారు కొలువు ఇప్పిస్తరా ఏంది?" అంది సరోజక్క.

చౌటుప్పల్‌లో టీకి ఆపాను. హాసిని ఇడ్లీ ముట్టలేదు. ఈ ముఖంతో సుజాత ముందు దిగితే ఇక నేను చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. మళ్లీ కారెక్కాక ఏం చేయాలో తోచక, "పోనీ, నువ్వే నన్ను అడుగు బిడ్డా," అన్నాను.

కొంతదూరం పోయాక వెనక నుంచి మాట వచ్చింది.

"టీ పోసిన అన్న అంగి ఏం రంగు?"

నాకు తెలియదు.

"కోత! మన పక్కన ఆగిన లారీల ఏమున్నయ్?"

"ఇటుకలు?"

"మేకలు! వాసన గూడ రాలేదా నీకు?"

సరోజక్క పడీ పడీ నవ్వింది. నార్కట్‌పల్లి వచ్చేసరికి నా మార్కులు సున్నా కంటే కిందికి పోయాయి. నన్ను ఓడించిన ఉత్సాహంలో హాసిని చల్లారిన ఇడ్లీలన్నీ తినేసింది. ఓడిపోవడం ఇంత హాయిగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

నకిరేకల్ దాటాక, కేతేపల్లి దగ్గర ఒక వంతెన వచ్చింది. అది ఏం నది అని తనే అడిగింది.

"మూసీ. పొద్దున చాదర్‌ఘాట్ల దాటినం గద, అదే."

"మనం కారుల వచ్చినం. అదెట్ల వచ్చింది?"

ఉపనది, పరీవాహక ప్రాంతం, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. మింగేశాను. "నువ్వే చెప్పు," అన్నాను.

కిటికీలోంచి వంతెన కిందికి తొంగిచూసింది. "పల్లం దిక్కు నడుచుకుంట వచ్చింది. మనకన్న ముందుగాల్నే బయలెల్లి ఉంటది."

సరోజక్కను చెల్లెలి ఇంటి దగ్గర దింపి, పది కావస్తుండగా మేం చేరాం. గేటు దగ్గర నిలబడిన సుజాత ముందు పిల్ల ముఖమే చూసింది. హాసిని తలుపు తీస్తూనే, "అమ్మా, నాన్న ఫెయిల్!" అని అరిచింది.

ఆదివారం భోజనాలయ్యాక తిరుగు ప్రయాణం. బయలుదేరే ముందు సుజాత పిల్లను లోపలికి తీసుకెళ్లి ఏదో మాట్లాడింది. నాకు ఇద్దరూ చెప్పలేదు. చౌటుప్పల్ దాకా ఓపిక పట్టి, ఇక ఆగలేక అడిగాను.

"అమ్మ దగ్గరనే ఉంటవా అన్నది," అంది హాసిని.

"నువ్వేమన్నవ్?"

"సెలవులల్ల ఉంట అన్న. అమ్మ నవ్వి, సరే తియ్ అన్నది."

నా మనసు కుదుటపడింది. అయినా ఉండబట్టలేక, "అమ్మ దగ్గర ఉంటే రోజూ అమ్మతోనే ఉండొచ్చు గద?" అన్నాను.

"ఉండొచ్చు గని, నువ్వొక్కనివే అయితే దారంత ఏడుస్తవ్ గద నాన్నా."

పిల్లకు దారిలో విసుగు రాకుండా ఎలా తీసుకెళ్లాలా అని నేను నెలలుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. అది మాత్రం నన్ను జాగ్రత్తగా తీసుకెళ్లి తీసుకొస్తోందట.