మా ఫోనుకి కన్ఫర్మేషన్ అయిన ఆదివారం

ఆ రోజుల్లో అంటే ఎడ్లబండీ, లాంతరూ ఊహించుకోకండి. ఆ రోజుల్లో కూడా అందరి చేతుల్లో ఫోన్లే. కాకపోతే ఫోను పట్టుకోవడం అప్పటికి మాకు కొత్త భక్తి. కోయంబత్తూరులో మా తెలుగువాళ్ళ లైను ఇళ్ళ చివర మా గుడి. బడిలో తమిళం చదివి, గుడిలో తెలుగులో ప్రార్థించే జనం మేము. నేను వారమంతా తిరుప్పూరు బనియన్ కంపెనీలో చెకింగ్ పని చేసి, శనివారం బస్సెక్కి ఇంటికొచ్చేవాణ్ణి. కొత్త ఫోను కొన్న పాపానికి (పుణ్యమని అప్పట్లో నమ్మాను) ఆరాధనని లైవ్ పెట్టే పరిచర్య మా పాస్టరు అయ్యగారు నాకప్పగించారు. ఇక చూడండి నా ఆత్మీయత! ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కేది కాదు గానీ, ఆ ప్రసంగానికి ఎన్ని లైకులు పడ్డాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ప్రార్థనప్పుడు అందరూ హాయిగా కళ్ళు మూసుకుంటే, దేవుని సేవ కోసం నేనొక్కణ్ణే కళ్ళు తెరుచుకుని స్క్రీను చూసేవాణ్ణి. ఇంత త్యాగం ఎవరు చేస్తారు చెప్పండి?

మా సంఘంలో చంటిబిడ్డప్పుడే బాప్తిస్మం ఇచ్చేస్తారు. పెద్దయ్యాక బిషప్‌గారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తేనే ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుతుంది. దాన్నే కన్ఫర్మేషన్ అంటారు. బిషప్‌గారు తమిళాయన, మా గుడికి రావడమంటే ఏళ్ళకోసారి. మా అవ్వకి, అంటే నాయన తల్లికి, ఒకటే కోరిక: నా పక్కన మోకరించి రొట్టె తీసుకోవాలని. "నా మోకాళ్ళు వంగతా ఉండంగానే అది అయిపోవాల కన్నూ. సుమ్మా, ఊరికే అడగలేదు నేను, దేవుణ్ణి అడిగినాను" అనేది. "అవుతుందవ్వా, లైవ్‌లోనే అవుతుంది" అని నేను ధైర్యం చెప్పేవాణ్ణి.

ఎట్టకేలకు ఆ ఆదివారం వచ్చింది. మండుటెండ, రేకుల కప్పు, గంటకు పైగా లైవ్. ఫోను పెనంలా కాలుతోంది. దానికి కిటికీలోంచి ఎండ తగలకుండా, కంపెనీ నుంచి తెచ్చుకున్న బనియన్ గుడ్డ ముక్కని టోపీలా చుట్టి స్టాండుకి తగిలించాను. (నా నెత్తి గురించి ఇంత శ్రద్ధ ఎప్పుడూ లేదు.) కన్ఫర్మేషన్ తీసుకునే మేమంతా బలిపీఠం ముందు వరసగా మోకరించాం, నాది చివరి చోటు, నా పక్కనే ఫోను స్టాండు. బిషప్‌గారు కళ్ళు మూసుకుని, ఒక్కొక్కరి తల తడుముతూ, ప్రార్థిస్తూ వస్తున్నారు. స్క్రీనులో చూద్దును కదా, ఆయన మెడ దాకానే కనిపిస్తున్నారు. తల లేని బిషప్‌ని లోకానికి చూపించడమా! గబగబా స్టాండుని పొట్టిగా దించి నా చోట్లో పెట్టి, పక్కకి జరిగి, ఫోనుని పైకి వంచాను. సరిగ్గా అప్పుడే ఆయన చెయ్యి టోపీ మీద పడింది. వెచ్చగా ఉంది, మెత్తగా ఉంది, తల కాదని అనుకోవడానికి కారణమేముంది? "ఈ బిడ్డ లోకపు ఆకర్షణలకు లొంగక కడవరకు నీ సొత్తుగా నిలుచునట్లు..." అని మా ఫోను కోసం తమిళంలో నిండు మనసుతో ప్రార్థించారు పెద్దాయన. 'అయ్యా, అది నేను కాదు' అనాల్సింది. కానీ లైవ్ నడుస్తోంది కదా, మధ్యలో నా గొంతు వస్తే ఏం బాగుంటుందని ఊరుకున్నాను.

అందరి కళ్ళూ మూసుకునే ఉన్నాయి, ఎవరూ చూడలేదనుకున్నాను. కానీ మనవణ్ణి చూసుకుందామని ముందు బెంచీలో ఒక మనిషి కళ్ళు తెరుచుకునే ఉంది. రొట్టె తీసుకోవడానికి కొత్తవాళ్ళని పిలిచేసరికి, వెనక నుంచి నా చొక్కా పట్టి లాగింది.

"యాడికి?"

"నా వరస వచ్చిందవ్వా."

"నీకు యాడ అయ్యింది? చెయ్యి ఫోను తల మీద కదా పెట్టినాడు. పో, దాన్ని పిల్చుకోని రా. రొట్టె దానికే ఇప్పిద్దాం."

"మెల్లగా అవ్వా! ఎవురూ చూళ్ళేదు."

"పైనుండేవాడు కూడా నీ మాదిరి ఫోను చూస్తా ఉండాడనుకున్నావా?"

చచ్చినట్టు అవ్వ పక్కన కూర్చున్నాను. "సరే, నువ్వు పోయి తీసుకో" అన్నాను. "ఒంటిగా పోయేదానికా ఇన్నేండ్లు కాచుకోని ఉండింది?" అంది. అవ్వ ప్రభువు బల్లని మానుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అందరూ మా ముందు నుంచే వెళ్ళి వస్తున్నారు, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

నడవలేని ముసలివాళ్ళకి రొట్టె బెంచీ దగ్గరికే తెచ్చివ్వడం మా గుళ్ళో అలవాటు. అవ్వ కూడా నడవలేక ఉండిపోయిందనుకుని బిషప్‌గారే పళ్ళెంతో వచ్చారు. అవ్వ చేతులు చాపలేదు. "ముందు వీని తల మీద చెయ్యి పెట్టండయ్యా. ఇందాక మీరు పెట్టింది ఫోను మీద" అంది, గుడంతా వినేలా. (ఆయనకి అర్థం కావాలని తమిళంలో మరీ చెప్పింది.) ఎవరో కిసుక్కుమన్నారు. బిషప్‌గారు స్టాండు వైపు చూశారు, నా వైపు చూశారు.

"అది ఇంకా నడుస్తోందా?"

"నడుస్తోందయ్యా. చాలామంది చూస్తున్నారు."

"నువ్వేం చూస్తున్నావు?"

వెళ్ళి లైవ్ ఆపేసి, వచ్చి బెంచీ ముందు మోకరించాను. వద్దంటున్నా వినకుండా అవ్వ కూడా బెంచీ పట్టుకుని, "ప్రభువా, ప్రభువా" అని మూలుగుతూ నా పక్కన మోకాళ్ళ మీద దిగింది. పెద్దాయన చెయ్యి ఈసారి నా తల మీద పడింది. అలవాటు ఊరుకోదు కదా, ఎలా కనిపిస్తున్నామో చూద్దామని ఒక కన్ను తెరిచాను. అవ్వ మోచేత్తో డొక్కలో ఒక్క పోటు పొడిచింది. "కండ్లు మూయరా!"

మూశాను. ఆ తర్వాత ఇద్దరం ఒకేసారి రొట్టె అందుకున్నాం.

ఇప్పుడు మా గుళ్ళో మూడు కెమెరాలు, వాటి వెనక నా అంత భక్తిపరులైన ముగ్గురు కుర్రవాళ్ళు. నేను కింద బెంచీలో కూర్చుంటాను. ప్రార్థన మధ్యలో జేబులో ఫోను వణికితే చెయ్యి దానంతటదే అటు పోతుంది, ఇంత వయసొచ్చినా సిగ్గు లేకుండా. పోయినప్పుడల్లా డొక్క దగ్గర చురుక్కుమంటుంది. పక్కకి చూస్తాను. అవ్వ ఉండదు, పోయి చాలా కాలమైంది. నవ్వొస్తుంది, కంట్లో నీళ్ళూ తిరుగుతాయి. మళ్ళీ కళ్ళు మూసుకుంటాను.