కళావరు ఏడు

మొన్న రైల్లో ఎదుటి బెర్తు మీద ఎవరో కొత్త పేక విప్పి కలుపుతుంటే, ఆ చప్పుడుకి చేతిలో పుస్తకం మూసేశాను. ఇబ్రహీం మామ గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఎనభైల్లో నరసరావుపేటలో లెక్చరరుగా చేరి, ఆయన వాచీల కొట్టు పైగదిలో అద్దెకుండేవాణ్ణి. శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఆయన కొట్టు తెరిచేవాడు కాదు. చాప పరిచి ఆయనా, నేనూ, ఎదుటి ఎరువుల కొట్టు కోటయ్యా రమ్మీ ఆడేవాళ్లం. పందెం ఒప్పుకునేవాడు కాదు. ఓడినవాడు వెళ్లి టీ తేవాలి, అంతే. నాకు ఆట నేర్పింది ఆయనే. నేను నా ముక్కలే చూసుకుంటూ కూర్చుంటే, "నీ చేతిలోయి యాడికీ పోవు అల్లుడూ. అవతలోడు ఏం పారేస్తన్నాడో చూడు. మనిషి గుట్టు ఆడ ఉంటది" అనేవాడు.

చలికాలంలో ఒక శుక్రవారం ఆయన షో చెప్పి ముక్కలు పరిచాడు. కళావరు ఆరుకీ ఎనిమిదికీ మధ్య ఇస్పేటు ఏడు ఉంది.

"ఏంది మామా, కళావరోళ్ల బంతిలో ఇస్పేటోడు కూర్చున్నాడు?" అన్నాడు కోటయ్య.

"మీరు చూస్తన్నారా, నిద్రపోతన్నారా అని పెట్టాలే" అని నవ్వి, టీకి లేచాడు.

మరుసటి వారం ఆయన పారేసే ముక్కలు గమనించాను. అన్నీ నల్లవే. ఎర్రముక్కలు మాత్రమే ఉంచుకుంటున్నాడు. ఇస్పేటుకీ కళావరుకీ తేడా ఆయనకు కనపడటం లేదు. ఇక వాచీలో వెంట్రుకంత స్ప్రింగు ఏం కనపడుతుంది? ఆ సంగతి బజారుకి పొక్కితే ఆయనకు వాచీ ఇచ్చేవాడుండడు. ఇల్లు గడిచేది ఆ కొట్టు మీదే.

ఆ రోజు నుంచి నేను ముక్క పారేసినప్పుడల్లా "కళావరు ఏడు", "ఇస్పేటు రాణి" అని పైకి చెప్పడం మొదలుపెట్టాను. కోటయ్య నావంక ఒకసారి చూసి, తనూ చెప్పసాగాడు. మామ మళ్లీ నల్లముక్కలు ఎత్తుకున్నాడు, గెలిచాడు కూడా. మంచి పని చేశాననుకున్నాను.

ఎండాకాలంలో ఒకరోజు, విప్పిన వాచీ బిగించలేక నన్ను కిందికి పిలిచాడు. "గుంటూరు తీసకపో అల్లుడూ" అన్నాడు. కంటి నరం ఎండిపోయిందనీ, ఆరు నెలల ముందొస్తే ఒక కన్నయినా నిలిచేదనీ డాక్టరు చెప్పాడు.

తిరుగు బస్సులో నేనే నోరు విప్పాను. "నాకు చలికాలంలోనే తెలుసు మామా. చెప్పలేకపోయాను."

"నీకు తెలుసని నాకూ తెలుసు. చెవులు బానే ఉన్నయ్ గదా" అన్నాడు. "నువ్వు చెప్పుంటే పేకాట మానేసేటోణ్ణి. డాక్టరు దగ్గరికి మాత్రం పోయేటోణ్ణి కాదు" అన్నాడు.

అది నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమో, ఇప్పటికీ తేల్చుకోలేదు. కొట్టు తమ్ముడి కొడుక్కి అప్పజెప్పాడు. శుక్రవారాలు మాత్రం మానలేదు. చూపు పూర్తిగా పోయేదాకా నేనూ కోటయ్యా ముక్కల పేర్లు చదువుతుంటే ముగ్గురం ఆడాం.

ఆ తర్వాత ఎవరిలోనైనా అలాంటిది కనిపిస్తే దాచకుండా చెప్పేస్తున్నాను. ఈమధ్య మా పేక మిత్రుడొకరు మాటిమాటికీ తన వంతు మర్చిపోతుంటే, పక్కకు పిలిచి డాక్టరుకు చూపించుకోమన్నాను. సరేనన్నాడు. మళ్లీ ఆటకు రాలేదు. ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఆదివారం పేక తీసుకుని నేనే వాళ్లింటికి వెళదామనుకుంటున్నాను.