కప్పతల్లి గుండె

మా పక్కింటి పిల్లకు అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపాకు కట్టి, వాకిట్లో పసుపునీళ్లు చల్లారు. తిరుపతి వీధిలో ఆ తడి వాసన తగిలితే అందరికీ దేవత గుర్తొస్తుంది, నాకు కప్ప గుర్తొస్తుంది. ఎనిమిదో తరగతి మధ్యలో బడికి దండం పెట్టినవాడి భక్తి అంతకంటే ఎత్తు ఎగరదు.

మాది పలమనేరు పక్క పల్లె. చెనక్కాయ పైరు పూత మీదుండగా వాన మొహం చాటేస్తే, ఎర్రమట్టి పెనంలా కాలి, ఆకులు పొద్దెక్కకముందే ముడుచుకుంటే, మా నాయన గట్టు మీద కూర్చుని, అలిగి వెళ్లిన అల్లుడి దారి చూసినట్టు ఆకాశం వైపు చూసేవాడు. అప్పుడు పిల్లలం బావిలోంచి ఒక కప్పను పట్టి, రోకలికి గుడ్డతో కట్టి, చుట్టూ వేపమండలు చుట్టి, ఒళ్లంతా పసుపు మెత్తి, కప్పతల్లి అని ఇల్లిల్లూ తిప్పేవాళ్లం. ఆడవాళ్లు దానిమీద చెంబెడు నీళ్లు పోసి, మాకు బెల్లంముక్కలు, వేయించిన శనగలు పెట్టేవాళ్లు. కప్ప చర్మంతోనే నీళ్లు తాగుతుందనీ, చర్మంతో ఊపిరి కూడా తీస్తుందనీ తర్వాత తెలిసింది. అంటే దాని నోరూ ముక్కూ అన్నీ పసుపుతో పూడ్చి, వాన ఇమ్మని పాడామన్నమాట.

ఊరేగింపు అయ్యాక కప్పను ప్రాణంతో బావిలో వదలాలి. ఆ ఏడు ఆ పని నాది. "సచ్చిందంటే వాన యాడొస్తాదిరా? మీ నాయన పైరు నీ సేతిలో ఉండాది" అంది మా అవ్వ.

బావి బడి వెనక. గేటు దగ్గరే సైన్సు సారు నన్ను పట్టుకున్నాడు. పాఠానికి ఆయనకు కప్ప కావాలి.

"సార్, అది కప్పతల్లి సార్!"

"తల్లయితే ఇంకా మంచిది, గుడ్లు కూడా చూపిస్తా."

క్లాసులో అందరి ముందూ దాని తల వెనక సూది గుచ్చి, చెక్కమీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లకు తుమ్మముళ్లు దిగ్గొట్టి, బ్లేడుతో పొట్ట తెరిచాడు. నాలుక ముందువైపు అతుక్కుని ఉంటుందనీ, మింగేటప్పుడు కళ్లు లోపలికి దిగి మేతను గొంతులోకి తోస్తాయనీ చూపించాడు.

"మనిషి గుండెకు నాలుగు గదులు, దీనికి మూడు. మీ ఇంటికెన్నిరా?"

"ఒకటే సార్."

"అయితే నువ్వు కప్పకన్నా కింద."

అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. నన్ను చూసి నవ్వే పని ఇంకొకరికి వదిలేది లేదు.

తర్వాత గుండెను కోసి ఉప్పునీళ్ల గిన్నెలో వేశాడు. ఒంటరిగా, ఎవరికోసమో, అది కొట్టుకుంటూనే ఉంది. కొట్టుకుంటోందంటే చావలేదన్నమాట, అవ్వ మాట ఇంకా తప్పలేదన్నమాట. "సార్, లోపల పెట్టి కుట్టేయండి సార్, బావిలో వదులుతా" అన్నాను. ఆ మాటకు సారు కూడా నవ్వాడు. అంతలో రేకుల మీద వాన దబదబా పడింది. అందరూ కిటికీల దగ్గరికి పరిగెత్తారు. నేను తిరిగి చూసేసరికి గుండె ఆగిపోయింది.

ఇంటికెళితే అవ్వ చూరు కింద నిలబడి ఉంది. "ఇడిసినావా?"

"సారు కోసినాడవ్వా."

కొట్టడానికి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. చూరు నీళ్ల వైపు చూసింది. "అట్నా! కోస్తేనే వస్తాదేమోలే."

మరుసటేడు మళ్లీ వాన లేదు. ఈసారి పెద్దవాళ్లే రోకలిని నేరుగా బడికి తెచ్చారు. "మీ సెయ్యి మంచిది సార్, రవంత కోయండి."

వాన మబ్బులోంచి వస్తుంది గానీ కప్ప కడుపులోంచి కాదన్నాడు సారు.

"పోయినేడు యాడ్నుంచి వచ్చిందప్పా?"

సారు కోశాడు. వాన రాలేదు. ఒకటి చాల్లేదేమోనని ఇంకొకటి తెచ్చారు, తర్వాత గోతాముతో తెచ్చారు. గిన్నెలో గుండెలు ఏ అనుమానమూ లేకుండా కొట్టుకున్నాయి, ఆకాశం మాత్రం ఉలకలేదు. నాయన ఎండిన చెట్లు పీకి ఎద్దులకు వేసి, నన్ను వెంటబెట్టుకుని బెంగుళూరుకు కూలికి పోయాడు. నా చదువు అక్కడికి సరి. మరుసటేటికి బావి నిండిందట, దాంట్లో అరవడానికి మాత్రం ఎవరూ మిగల్లేదట.

నిన్న సాయంత్రం తిరుపతిలో మంచి వాన. మా పాప ఫోనులో పాఠం చదువుకుంటూ కప్పను కోస్తోంది. వేలితో తాకితే పొట్ట తెరుచుకుంటుంది, మళ్లీ తాకితే మూసుకుని గెంతుతుంది.

"ఇది ఎట్లా అరస్తాది నాయనా?"

బయట వాన తప్ప ఏ చప్పుడూ లేదు. బుగ్గలు పూరించి, గొంతు ఉబ్బించి, మా బావి మొత్తం అరిచినట్టు అరిచి చూపించాను.

పాప పడీపడీ నవ్వింది. "పో నాయనా, నీకన్నీ ఎగతాళే. అట్లా ఏదీ అరవదు."