రెండు పొట్టేళ్లలో పెద్దోడెవడు?

2023లో నేను కృత్తివెన్ను వైపు ఒక గొర్రెల ప్రాజెక్టులో పశువైద్యురాలిగా పనిచేస్తున్నాను. వరికోతలయ్యాక మందలు పొలాల్లోకి దిగుతాయి, మిగతా రోజుల్లో రొయ్యల చెరువుల గట్ల మీద మేస్తాయి. ఆ గట్ల వెంట ఐస్ పెట్టె భుజాన వేసుకుని తిరుగుతూ పొట్టేళ్ల రక్తం తీయడం నా ఉద్యోగం. ఇంత చదువూ చదివి గొర్రెల వెంట తిరుగుతున్నానని మా అత్తగారు తెగ బాధపడేవారు. నాకు మాత్రం అంత సరదా పని మళ్లీ దొరకలేదు.

మేం చేసేదాన్ని జీనోమిక్ సెలెక్షన్ అంటారు. పేరు భయపెడుతుంది కానీ సంగతి తేలికే. మాంసానికి పెంచే గొర్రెల్లో ఏ పొట్టేలు పిల్లలు త్వరగా బరువెక్కుతాయో తెలియాలంటే, పాత పద్ధతిలో ఆ పిల్లలు పుట్టి పెరిగేదాకా ఆగాలి. ఇందులో ముందుగానే చాలా గొర్రెల్ని తూచి, వాటి డీఎన్ఏ చదివి పెట్టుకుంటాం. కొత్త పొట్టేలు డీఎన్ఏని వాటితో పోల్చి, దీని పిల్లలు ఎలా ఎదగొచ్చో లెక్క వేస్తాం. ఆ లెక్కని బ్రీడింగ్ వాల్యూ అంటాం. అది అంచనా మాత్రమే.

ఏడుకొండలు గారి మందలో ఒకే తల్లికి వేర్వేరు ఈతల్లో పుట్టిన పొట్టేళ్లు రెండున్నాయి. ఆయనకి యాభై దాటి ఉంటాయి, మాట పొదుపు మనిషి. మేత తక్కువైపోయింది, రెండిట్లో ఒకటే ఉంచుకుంటాను, ఏది ఉంచాలో మీరే చెప్పాలన్నారు. "వచ్చే ఏడు పుట్టే పిల్లలన్నీ దాని పోలికేనండి. కాస్త జాగ్రత్తగా చూడండి" అన్నారు.

రక్తం తీసే రోజున ఆయన "అవిగోనండి, పెద్దోడూ చిన్నోడూ" అని చెయ్యి ఊపి, పక్క నారుమడిలో పడ్డ గొర్రెల్ని తోలుకు రావడానికి పరిగెత్తారు. ఒకటి నా నడుం దాకా ఉంది, నిగనిగలాడుతోంది. రెండోది బక్కది, తుంటి ఎముకలు కనిపిస్తున్నాయి. ఇందులో అడగడానికేముంది? చెవి బిళ్లల మీది నంబర్లు పుస్తకంలో ఎక్కించి, భారీదాని పక్కన పెద్దోడనీ, బక్కదాని పక్కన చిన్నోడనీ రాసుకున్నాను.

రిపోర్టు చూసి నేనే నమ్మలేకపోయాను. బక్కదాని బ్రీడింగ్ వాల్యూ చాలా మెరుగ్గా ఉంది. నంబర్లు రెండుసార్లు సరిచూసుకుని ఫోన్ చేశాను. చిన్నోణ్ణి ఉంచుకోండి, పెద్దోణ్ణి అమ్మేయండి అన్నాను. ఆయన ఒప్పుకోరు, వాదించాల్సి వస్తుందని ముందే సిద్ధపడ్డాను. ఆయనేమో "సరేనండి, మేమూ అదే అనుకున్నాం" అని పెట్టేశారు. నాకు అక్కడే అనుమానం రావాలి. రాలేదు సరికదా, రైతుకి సైన్సు ఎంత తేలిగ్గా ఎక్కించానో చూడండని ఆఫీసులో గొప్పలు పోయాను.

రెండు రోజుల తర్వాత పిల్లల్ని తూచడానికి వెళ్లేసరికి, ఆ భారీ పొట్టేలు దొడ్లో కట్టేసి ఉంది. ఏడుకొండలు గారి భార్య నాగమణి గారు దానికి తవుడు పెడుతున్నారు. ఇది అమ్మలేదేంటండీ అన్నాను.

"చిన్నోణ్ణి ఉంచమన్నారుగా. పెద్దోణ్ణి పొద్దున్నే గుడివాడ తోలేశాం" అన్నారామె.

అంటే అమ్మేసింది ఆ బక్కదాన్ని. వాళ్లింట్లో పెద్దోడంటే ముందు పుట్టినవాడు. ఎవరింట్లోనైనా అంతే కదా! నా భుజం దాకా కూడా రాని మా అన్నయ్యని నేను పుట్టినప్పటినుంచీ పెద్దన్నయ్య అనే పిలుస్తున్నాను. ఫోన్లో నంబరు చెప్పి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. నంబర్లంటే ఆయనకి తికమక అనుకున్నాను. అంత మందని రోజూ లెక్క తప్పకుండా ఇంటికి తోలుకొచ్చే మనిషి గురించి అలా అనుకున్నందుకు సిగ్గేసింది. తప్పు నాదేనని ఇద్దరికీ చెప్పేశాను.

ఏడుకొండలు గారు వెంటనే గుడివాడ మాంసం కొట్టుకి ఫోన్ కలిపారు. పొట్టేలు ఇంకా బతికే ఉంది. కానీ మర్నాడు ఏదో ఫంక్షన్ ఆర్డరుందట. బదులుగా అంతకు తగ్గని జీవాన్ని తెస్తేనే విడిచిపెడతానన్నాడు కొట్టాయన. మందలో మిగిలినవి చూడి గొర్రెలూ పిల్లలూ. ఇవ్వగలిగింది దొడ్లో ఉన్న ఈ భారీ చిన్నోడొక్కడే.

నాగమణి గారు వాడి మెడ మీద చెయ్యి తీయలేదు. వాడి తల్లికి పాలు సరిపోకపోతే మేకపాలు పట్టి, ఉలవలు ఉడకబెట్టి పెట్టి పెంచారామె. పెద్దోడు పుట్టిన ఏడు వానలకి పొలాలన్నీ మునిగిపోయి, ఎక్కడా గడ్డి దొరకలేదట. వాడు అలా బక్కగా మిగిలిపోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు. తిన్న తిండి ఒంటికి పడుతుంది కానీ పిల్లలకి సంక్రమించదని, డీఎన్ఏ చూసేది అందుకేనని చెప్పాను.

"మీ మిషను తప్పు చెప్తే?"

"చెప్పొచ్చమ్మా. కచ్చితంగా ఇంతేనని నేను చెప్పలేను."

ఆమె కాదంటే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఏడుకొండలు గారు భార్య మొహం చూస్తూ నిలబడ్డారు. ఆమె వంగి తాడు విప్పి ఆయన చేతికిచ్చారు.

"మందులమ్మినోళ్లూ దాణా అమ్మినోళ్లూ అందరూ కచ్చితమనే చెప్పారు. తప్పవ్వొచ్చని చెప్పింది ఈ డాక్టరమ్మొక్కతే. తీసుకెళ్లు" అన్నారు. అని లోపలికి వెళ్లిపోయారు. వాణ్ణి ఎక్కించిన ఆటో గట్టు దాటేదాకా బయటికి రాలేదు.

మరుసటి ఏడు, అలా తిరిగొచ్చిన పెద్దోడి పిల్లల్ని తూచాను. రెండు మూడు మామూలుగానే ఉన్నాయి, మిగతావి బాగా ఎదిగాయి. అప్పటినుంచీ నేను ముందు నంబరు చెప్పి, తర్వాత పేరు చెప్పి, ఆపైన రైతుని ఆ జీవాన్ని పట్టుకుని చూపించమంటాను. తోటివాళ్లు నా చాదస్తానికి నవ్వుతారు, నవ్వనీ.

ఆ రోజు నాగమణి గారు కాటా పక్కనే కూర్చుని ప్రతి బరువూ చూశారు. చివరి పిల్లని దించాక, "బానే ఉన్నాయి డాక్టరమ్మా. మా చిన్నోడి పిల్లలైతే ఎలా ఉండేయో" అన్నారు.

దానికి నా పుస్తకంలో ఒక అంకె ఉంది, వాడి బ్రీడింగ్ వాల్యూ. ఆమె అడిగింది ఆ అంకె కాదు. పుస్తకం మూసేసి ఆమె పక్కనే కూర్చున్నాను.