మామ తుపాకిలో ఆకాశం

నా చిన్నప్పుడు దసరా సెలవులు ఇచ్చారంటే చాలు, మా నాన్న నన్ను నాందేడ్‌లో రైలెక్కించేవాడు. కిన్వట్ స్టేషన్‌లో మా మామ నిలబడి ఉండేవాడు. గోకుందలో వాళ్లిల్లు చేరేదాకా నేను ఆపకుండా మాట్లాడేదాన్ని, ఆయన ఆపకుండా వినేవాడు. మా అమ్మకు తమ్ముడు. మాట తక్కువ, మీసం ఎక్కువ.

మామ దగ్గర ఒక గాలి తుపాకి ఉండేది. జొన్నచేను మీద కోతులు పడితే దాంతోనే తరిమేవాడు. అయితే ఒక్క కోతిని కూడా కొట్టి ఎరగడు. ఆంజనేయుడి బలగాన్ని కొడితే పుట్టగతులుండవని ఆయన నమ్మకం. చేను గట్టున చెట్టుకు ఖాళీ డాల్డా డబ్బా వేలాడదీసి దాన్ని గురిచూసి కొట్టేవాడు. అది టంగుమనగానే కోతులు తోక ముడిచేవి. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా చేతులు ఊరుకునేవి కావు.

పదేళ్లప్పుడనుకుంటాను, నాకూ నేర్పమని పట్టుబట్టాను. ఆడపిల్లకెందుకంటాడేమోనని భయపడ్డాను గానీ మామ ఆ మాట అనలేదు. దొడ్లోంచి ఒక కందికట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ముందుగాల గిది పట్టుడు నేర్చుకో బిడ్డా. దీని మూతి మనిషి దిక్కు తిరగొద్దు, బర్రె దిక్కు తిరగొద్దు. తిరిగిందంటే మల్ల మొదటికెల్లి."

మామ కొడుకు, మా చిన్నోడికి అప్పుడు నాలుగేళ్లు. పొద్దస్తమానం దాగుడుమూతలే వాడి ఆట. ఏ మూల నుంచి ఊడిపడతాడో తెలిసేది కాదు. నేను కట్టె పట్టుకుని నిలబడితే వాడు ఎదురుగా వచ్చి గంతులేసేవాడు, నా పాఠం మళ్లీ మొదటికొచ్చేది. బతుకమ్మ పేర్చుకునే రోజులన్నీ నాకు ఆ కట్టెతోనే గడిచిపోయాయి. "కట్టెకు లైసెన్సు దీసినవా? పోలీసులస్తరు సూడు," అని మా అత్త పూలు కోస్తూ నవ్వేది. నాకు ఏడుపొచ్చేది.

చివరికి మామ కరిగి తుపాకి చూపించాడు. దాని గొట్టం నడుము దగ్గరి కీలు మీద కిందికి వంగి తెరుచుకుంటుంది, దాన్నే విరవడం అంటారు. చేతిలోకి తీసుకున్నవాళ్లు ఎవరైనా సరే మొదట దాన్ని విరిచి, గుండు పెట్టే వెనకవైపు నుంచి లోపలికి చూడాలి. ఖాళీగా ఉంటే అవతలి కొసన జొన్నగింజంత ఆకాశం కనబడుతుంది. తను చూసి పక్కవాళ్లకూ చూపించాలి. ఇంకొకరు చేతికిస్తే చూపించమని అడగాలి. "ఎవలిచ్చినా అడుగు. దేవుడిచ్చినా అడుగు," అన్నాడు మామ. ఆయన నోట అంత గట్టిగా మాట రావడం నేను అదే వినడం.

ఆయుధపూజను మా వైపు ఖండే నవమి అంటారు. ఆ రోజు అత్త కత్తిపీట, కొడవళ్లు, గొడ్డలి అన్నీ కడిగి అమ్మవారి పటం ముందు పీట మీద పేర్చింది. తుపాకిని తడిగుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ చుట్టింది. పూజలో కూర్చున్న పనిముట్టును మర్నాడు జమ్మికి పోయివచ్చేదాకా వాడకూడదు. ఎవరి ఇంట్లోనైనా అదే ఆచారం.

దసరా పొద్దునే మామ వెంట పడ్డాను. మర్నాడు నేను రైలెక్కాలి. ఇంతా చేసి తుపాకి పట్టకుండానే పోతానా అని ఏడుపు మొహం పెట్టాను. ఆఖరికి అత్తే మెత్తబడింది. "పట్టుకుంటే పట్టుకోనియ్యి గని ఇరవకుండ్రి. పూజల కూసున్నదాన్ని ఇరిస్తే అరిష్టం."

మామ దొడ్లో పిడకల కుప్ప మీద సున్నంతో గుండ్రం గీశాడు. తుపాకి తెచ్చి నా భుజానికి ఆనించాడు. "ఖాళీదే. గురి వట్టి ఘోడా నొక్కు. చెయ్యి అదురుతదా లేదా సూస్త," అన్నాడు. ఘోడా అంటే వేలితో నొక్కే మీట.

బంతిపూల వాసన ముక్కుకు తగులుతోంది. వేలు ఘోడా మీదికి పోయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆకాశం చూడలేదని.

అడగాలంటే నోరు రాలేదు. అడిగితే మామను అనుమానించినట్టు, పూజలందుకున్న అమ్మవారినీ అనుమానించినట్టు. ఇచ్చిన తుపాకి మళ్లీ లాగేసుకుంటాడేమోనన్న భయం వీటన్నిటికన్నా పెద్దది. అయినా వేలు తీసేసి మూతి నేలకు దించాను.

"మామా, నువ్వు ఆకాశం సూపియ్యలే."

"ఏందే, మామ మీద నమ్మకం లేదా? నిన్నటి సంది అమ్మవారి ముంగట ఉన్నది," అంది అత్త.

"దేవుడిచ్చినా అడగమన్నడు, మామనే," అన్నాను.

మామ నవ్వబోయి ఆగాడు. అత్త వద్దు వద్దంటుండగానే తుపాకి తీసుకుని విరిచాడు. లోపలికి చూశాడు. ఆ ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. నాకూ చూపించాడు. ఆకాశం లేదు. సీసపు గుండు అడ్డంగా ఉంది.

ఖండే నవమికి ముందు సాయంత్రం కోతుల కోసం నింపాడట. కాల్చకముందే అవి వెళ్లిపోతే అలాగే తెచ్చి గోడకు తగిలించాడు. పూజకు తీసిన అత్త తుడిచిందే గానీ విరవలేదు, అది ఆమె పని కాదు. పూజయ్యాక విరవకూడదు. అందరి భక్తీ కలిసి ఆ గుండును భద్రంగా కాపాడింది.

మామ సన్నపుల్లతో దాన్ని బయటికి తోస్తున్నాడు. అంతలో పిడకల కుప్ప వెనక నుంచి, సున్నపు గుండ్రానికి జానెడు పైన, నూనె రాసి దువ్విన తల ఒకటి లేచింది. మా చిన్నోడు. "నన్ను ఎవలు దొరకవట్టలే!" అని చప్పట్లు కొట్టాడు.

అత్త ఒక్క పరుగున వెళ్లి వాణ్ని ఎత్తుకుంది. మామ ఉన్నచోటే కూలబడ్డాడు. నేను బావురుమన్నాను. అత్త నన్నూ దగ్గరికి లాక్కుని ఇద్దరి తలలూ మార్చి మార్చి నిమిరింది. "ఏం గాలే బిడ్డా, ఏం గాలే," అంటూ తనే ఏడ్చింది. ఆ పూట ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. మామ మాత్రం ఒకే మాట అన్నాడు, "తప్పు నాది." పెద్దవాళ్లు పిల్లల ముందు ఆ మాట అనడం అప్పట్లో నేను ఎక్కడా వినలేదు.

సాయంత్రం జమ్మి దగ్గర ఊరంతా చేరింది. చిన్నవాళ్లు పెద్దల చేతిలో జమ్మి ఆకు పెట్టి, బంగారమని చెప్పి, కాళ్లు మొక్కాలి. నేను ఆకు పట్టుకుని మామ కోసం వెతుకుతుంటే ఆయనే నా దగ్గరికి వచ్చాడు. నా అరచేతిలో ఆకు పెట్టి వంగి నా కాళ్లకు మొక్కాడు. పక్కనున్న ముసలాయన నవ్వి, "అరే, పెద్దోళ్లకు గదా ఇచ్చేది!" అన్నాడు.

"ఈ దినం మా ఇంట్ల గీమెనే పెద్ద," అన్నాడు మామ.

మర్నాడు పొద్దున, రైలు వేళకు ముందే, అడగకుండానే నాకు ఆకాశం చూపించి తుపాకి ఇచ్చాడు. మొదటి గుండు ఎటు పోయిందో తెలియదు. తర్వాతి దానికి డబ్బా టంగుమంది.

ఆ పైన నేను తుపాకి పట్టింది లేదు. అడగడం మాత్రం మానలేదు. మందిచ్చే డాక్టరైనా, కట్టిన సంచి ఇచ్చే అల్లుడైనా, ఒకసారి తెరిచి చూపించమంటాను. చాదస్తమని ఇంట్లో నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

మామ పోయి చాలా ఏళ్లయింది. ప్రతి దసరాకూ మా చిన్నోడు, ఇప్పుడు తల నెరిసిన తాత, గోకుంద నుంచి జమ్మి తెచ్చి అందరికన్నా ముందు నా చేతిలోనే పెడతాడు. నేను వయసులో పెద్దదాన్ని కాబట్టి పెడుతున్నాననుకుంటాడు. వాడు మొక్కడానికి వంగినప్పుడు ఆ తల మీద చెయ్యి వేసి, కాసేపు తియ్యను.