ఎండవాలు, నీడవాలు

జిపార్కుల్ మా స్టూడియోలో కొండలు చేస్తుంది. కంప్యూటర్ ఆటలకు, కార్టూన్ సినిమాలకు కావలసిన కొండలన్నీ ఆమెవే. ఉపగ్రహం కొలిచిన ఎత్తులు దొరికితే చాలు, పిండి పులిసి పొంగినట్టు కొండ దానంతటదే లేస్తుందంటుంది.

ఆ వసంతంలో ఆమెకు ఒక లోయ ఎత్తులు దొరకలేదు. ఆమె అత్తగారు బాత్మాకాన్ పుట్టి పెరిగిన లోయ అది. ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. చలికాలానికి అత్తగారికి చూపు మిగలదని డాక్టరు చెప్పింది. ఈలోగా ఊరు చూపిస్తానని కోడలు మాటిచ్చింది. ఉపగ్రహమేమో అక్కడ నీటిమట్టమే కొలిచింది. తెర మీద అంతా పళ్లెంలా చదును.

"నీళ్ల కిందకి చూడలేదా, ఆకాశంలో తిరిగే నీ చుట్టం?"

"చూడలేదత్తయ్యా."

"నేను చూస్తాను. కళ్లు మూసుకుంటే చాలు."

"మరి నాకెందుకీ తిప్పలు?"

"మాటిచ్చింది నువ్వు. నేనడిగానా?"

ఆనకట్ట కట్టకముందు గీసిన మ్యాపు కోసం జిపార్కుల్ తిరగని ఆఫీసు లేదు. చివరికి ఓష్ నగరంలో, పాత మ్యాపులు సరదాకి పోగుచేసే ఒక ముసలాయన స్కాన్ చేసి పంపాడు. అందులో ఒకే ఎత్తును చూపే సమోన్నత రేఖలన్నీ మౌసుతో దిద్ది, ఒక్కోదానికి దాని ఎత్తు ఇచ్చింది.

ఆదివారం వాళ్లింటి టీవీలో లోయ లేచింది. నేనూ ఉన్నాను. బాత్మాకాన్ ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా కూచుని చూసింది.

"ఎవరి ఊరే ఇది?"

"మీదే."

"కాదు. ఎండవాలు మీద నీడేమిటి? చలికాలమంతా మా గొర్రెలు మేసింది అక్కడే. నీడవాలు మీదేమో ఎండ కాస్తోంది. ఇంట్లో మమ్మల్ని తిప్పింది చాలక సూర్యుణ్ణి కూడా తిప్పావా?"

జిపార్కుల్ ముఖం చిన్నబోయింది. కాసేపటికి నుదురు కొట్టుకుంది. కొండలు ఉబ్బెత్తుగా కనబడాలని మ్యాపులవాళ్లు వెలుగును వాయవ్యం నుంచి వేస్తారు. చేతి అలవాటు కొద్దీ ఆమె కూడా అలాగే పెట్టింది. ఆ దిక్కు నుంచి మా లోయల్లో మిట్టమధ్యాహ్నం ఎండ ఏనాడూ పడదు.

సూర్యుణ్ణి దక్షిణానికి లాగింది. నీడలు లోయ దాటి అవతలి వాలుకు పోయాయి.

బాత్మాకాన్ ఒక మలుపు మీద వేలు పెట్టింది.

"ఇక్కడ మా అమ్మ నాకు తల దువ్వేది."

"టీ చల్లారిపోతోందత్తయ్యా."

"చల్లారనీ. ముందు ఆ మలుపు దాటించు. మెల్లగా! దౌడు తీయించడానికి నేనేమన్నా గుర్రాన్నా?"

జిపార్కుల్ మౌసును నడక వేగానికి తగ్గించింది.