మొదటి కట్ట ఎవరు మోయాలి

మా బాపు బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయనకు ఒళ్లు మండే విషయం ఒక్కటే. జహీరాబాద్ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే జనం సీటు ఆపుకోవడానికి కిటికీలోంచి దస్తీలు, అదే చేతిరుమాళ్లు, విసిరేవారు. ఆ దస్తీని రెండు వేళ్లతో పైకెత్తి, "దీనికి టికెట్ కొట్టాల్నా? ఫుల్లా, హాఫా?" అని బస్సంతా వినపడేలా అడిగేవాడు. అట్లాంటి మనిషి తానే ఒక దస్తీ విసిరాడు. అదీ చరిత్ర మీద.

మాది ఝరాసంగం వైపు ఒక చిన్న ఊరు. ఇప్పుడు జహీరాబాద్‌లో ఉంటున్నాం. నేను ఇక్కడి జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్తాను. కానీ ఆదివారం ఆరాధనకు మాత్రం బాపూ నేనూ ఊరి చర్చికే పోతాం. పంట ఇళ్లకు చేరాక మా సంఘం కోత పండుగ చేసుకుంటుంది. ఎవరి చేలో పండింది వాళ్లు తెస్తారు. కందులు, అల్లం, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటన్నిటికంటే ముందు తెల్లజొన్న కంకుల కట్ట ఒకటి పీఠం దగ్గరికి పోవాలి. వాడలో అందరికంటే ముందు బాప్తిస్మం తీసుకున్న మనిషి ఇంటివాళ్లే దాన్ని మోయాలి. ఆ మనిషి మా బాపు తాత అని మా ఇంటి నమ్మకం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ కట్ట మా బాపే మోశాడు, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ.

పోయినేడు పండుగలో బావి పక్క ఇంటి పెద్దాయన లేచి నిలబడ్డాడు. "మొదలు బాప్తిస్మం తీసుకున్నది మా తాత. ఇంకెన్నేండ్లు మీరే మోస్తరు?" అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆయనా, ఆయన అన్నదమ్ముల ఇళ్లవాళ్లూ ఆరాధనకు రావడం మానేశారు. తమ రేకుల షెడ్డులోనే వేరే ప్రార్థన పెట్టుకుంటామని కబురు పంపారు. మాది మొత్తమే పిడికెడు సంఘం, అది రెండు ముక్కలైతే పాట అందుకోవడానికి కూడా మనుషులుండరు. కాగితాలు చూద్దామంటే, పాత చర్చి కప్పు కూలిన వానాకాలంలోనే అవన్నీ నాని ముద్దయిపోయాయి.

మా పాస్టరు అయ్యగారికి ఒక ఉపాయం తోచింది. "మేడమ్ చరిత్ర చెప్తది గద. అందర్ని అడిగి, వచ్చే పండుగ లోపల నిజమేందో ఆమెనే చెప్పనీయిన్రి" అన్నారు. బాపు చంకలు గుద్దుకున్నాడు. చిత్రమేమిటంటే బావి పక్క పెద్దాయన కూడా సరేనన్నాడు. "నా బిడ్డకు పాఠం చెప్పింది. మార్కులు తక్కువేసింది గని అన్యాయంగ వెయ్యలే" అన్నాడట. ఆ మాటతో నేను ఇరుకున పడ్డాను. బాపు వైపు చెప్తే సంఘం చీలిపోతుంది. అటు చెప్తే బాపు మళ్లీ ఆ గడప తొక్కడు. అమ్మ పోయాక ఆయనకు మిగిలిన సంబరం ఆ ఒక్క రోజే.

స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్తే ఎకనామిక్స్ సార్ నవ్వాడు. "మీరేమో భక్తురాలు. అంతా పైవాడే రాసిపెట్టాడంటారు. ఇంక మీరు వెతికేదేముంది మేడమ్?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు కానీ నాకు పౌరుషం వచ్చింది.

"వెతకడం నాకు నేర్పిందే ఆ భక్తి సార్" అన్నాను.

ఉత్తుత్తి మాట కాదది. ప్రతి ఆదివారం లేచి నిలబడి చెప్పే మా విశ్వాస ప్రమాణంలో, క్రీస్తుకు సిలువ శిక్ష వేసిన ఒక గవర్నరు పేరుంటుంది. దేవుడి గురించి చెప్పే ఆ నాలుగు మాటల్లో ఈ సర్కారు అధికారి ఎందుకు దూరాడా అని చిన్నప్పుడు విసుగ్గా ఉండేది. పెద్దయ్యాక తెలిసింది. ఇది అనగా అనగా కథ కాదు, ఫలానా వాడి హయాంలో ఫలానా చోట జరిగింది, కావాలంటే అడిగి చూసుకోండి అని చెప్పడానికి. గొర్రెలు కాసి రాజైనవాడు పరాయివాడి భార్య మీద కన్నేసిన సంగతి కూడా లేఖనాల్లో దాచలేదు. మా పాఠ్యపుస్తకాల్లో రాజులకు ఆ భాగ్యం లేదు, పాపం వాళ్లంతా రోడ్ల పక్కన చెట్లు నాటించినవాళ్లే. క్రీస్తు చరిత్ర రాసిన నలుగురు సువార్తికులు ఒకే సంగతిని నాలుగు తీర్లుగా చెప్తే నాలుగూ పక్కపక్కనే ఉంచారు కానీ, చెరిపి ఒకటి చేయలేదు. ఇవన్నీ వింటూ పెరిగినదాన్ని కాబట్టి, నిజం బయటపడితే దేవుడికేమవుతుందోనన్న బెంగ నాకు లేదు. బెంగల్లా బాపుకేమవుతుందోనని.

సెలవు దొరికినప్పుడల్లా షేర్ ఆటో ఎక్కి ఊరికి పోయి పెద్దవాళ్ల దగ్గర కూర్చున్నాను. మా వైపు కథ ఇది. కరువు కాలంలో ఒక బోధకుడు ఎండలో సోలిపోతూ వచ్చాడు. బాపు తాత చేను వదిలి వచ్చి నీళ్లు తాపించాడు. ఎవరో ముసలామె రొట్టె పెట్టింది. ఆయన చెప్పింది విని బాపు తాత అప్పుడే బాప్తిస్మం తీసుకున్నాడు. బావి పక్క వాళ్ల కథలో బోధకుడికి జ్వరం. వాళ్ల తాత తన మంచం మీద పడుకోబెట్టి చూసుకున్నాడు. ఎవరో ముసలామె రొట్టె పెట్టింది. జ్వరం తగ్గి లేచిన బోధకుడు మొదట వాళ్ల తాతకే బాప్తిస్మం ఇచ్చాడు. రెండూ రాసుకుని, ఎటు మొగ్గాలో తెలియక తల పట్టుకున్నాను.

ఈస్టరు దగ్గర పడింది. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో పిల్లలు నాటకం నేర్చుకుంటున్నారు. ఆడపిల్లలు ఖాళీ సమాధి దగ్గర్నుంచి ఉరికి వచ్చి, ప్రభువు లేచాడని చెప్పాలి. శిష్యుల వేషం వేసిన మగపిల్లలు "ఆడోళ్ల ముచ్చట్లు ఎవలు నమ్ముతరు" అని తీసిపారేయాలి. మగపిల్లలు ఆ మాట మహా బాగా చెప్తున్నారు, ఇళ్లలో రోజూ వినేదే కదా. నవ్వుతూ చూస్తున్న నేను టక్కున ఆగిపోయాను. ఆ కాలంలో ఆడదాని సాక్ష్యానికి విలువ లేదు. కథ అల్లేవాడైతే మొదటి సాక్షులుగా మగవాళ్లనే పెట్టుకునేవాడు. అట్లా చేయలేదు కాబట్టే ఆ మాట నిజమని నాకు గట్టి గురి. అంత గురి ఉన్న నేను, ఇన్ని వారాలుగా ఊళ్లో ఒక్క ఆడమనిషిని కూడా అడగలేదు!

నేరుగా మా మేనత్త ఇంటికి పోయాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కొడుతోంది.

"అత్తా, బోధకునికి రొట్టె పెట్టిన ముసలామె ఎవలు?"

"అవ్వ."

"ఏ అవ్వ?"

"అవ్వ రొట్టె అవ్వ. నువ్వు తీస్కపోయి ఇయ్యలే, చిన్నప్పుడు?"

ఎందుకివ్వలేదు! మా వాడలో కొత్త జొన్నపిండితో చేసిన మొదటి రొట్టె ఇంట్లోవాళ్లు తినరు. ఎవరూ లేని మనిషికి ఇచ్చి వస్తారు. దాన్ని అవ్వ రొట్టె అంటారు. మా ఇంట్లోనూ అంతే, బావి పక్క ఇంట్లోనూ అంతే. పళ్లెంలో పెట్టుకుని నేనెన్నోసార్లు ఇచ్చొచ్చాను కానీ, ఆ అవ్వ ఎవరని ఎన్నడూ అడగలేదు.

"మొగుడు లేడు, పిల్లలు లేరు" అంది అత్త, రొట్టె తిప్పుతూ. "అంగట్ల బోధకుని మాట విని, ఆయన్ని వాడకు తోల్కొచ్చిందే ఆమె. మొదలు నమ్మింది, మొదలు బాప్తిస్మం తీస్కున్నది ఆమెనే. రొట్టెలు చేసి వాడోళ్లందర్ని పిలిచింది. మన తాత, బావి పక్క తాత ఇద్దరు గా రొట్టెల కోసమే వచ్చిన్రట." కడుపారా నవ్వింది.

"మరి మన మొగోళ్లకు ఎందుకు చెప్పలే అత్తా?"

"అడిగితే గద."

బావి పక్క ఇంట్లో ముసలమ్మను కూడా అడిగాను. అదే మాట చెప్పింది. ఇది నూటికి నూరుపాళ్లు ఇట్లాగే జరిగిందని నేను ఒట్టు వేయలేను, నోటి మాట నోటి మాటే. కానీ కొట్లాడుకునే రెండు పక్షాలు, తమకు ఏ లాభమూ లేని సంగతి దగ్గర ఒకే మాట చెప్తే అది గట్టి సాక్ష్యం. ఏటా ఫస్టియర్ పిల్లలకు నేను చెప్పే పాఠమే ఇది. రెండు కథల్లోనూ రొట్టె పెట్టిన మనిషి ఉంది. పేరొక్కటే ఎవరికీ గుర్తులేదు.

కోతలు వచ్చేదాకా నానుస్తూ వచ్చాను గానీ, పండుగకు ముందే బాపుకు చెప్పాలనుకున్నాను, నలుగురిలో ఆయన మొహం మాడ్చడం నాకిష్టం లేదు. అంతా విని, "అంటే మా తాతది అబద్ధమా?" అన్నాడు.

"కాదు బాపూ, తాత వచ్చింది నిజమే. ఆయనకంటే ముందు ఒకామె ఉన్నది."

"ఆమెకు ఎవలున్నరు?"

"ఎవ్వలు లేరు."

"మరి కట్ట?"

"నాకు తెల్వది. నేను తాతను సీటు మీదినుంచి లేపుతలేను బాపూ. దస్తీ తీస్తున్న, అంతే."

కోపం వస్తే మా బాపు టీవీ సౌండు పెంచుతాడు. ఆ పూట మా సందులో అందరూ వార్తలు విన్నారు. పండుగనాడు చొక్కా ఇస్త్రీకి ఇవ్వలేదు. నలిగిన చొక్కాతోనే ఆటో ఎక్కాడు.

చర్చిలో లేచి తెలిసిందంతా చెప్పాను. తీర్పు కోసమని వచ్చిన బావి పక్క వాళ్లు వెనక నిలబడి విన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి మాత్రం "అవ్వ గదా, అవ్వనే" అని గుసగుసలు వచ్చాయి.

"గట్లయితె కట్ట ఎవలు మొయ్యాలె?" అన్నాడు బావి పక్క పెద్దాయన.

"అది చరిత్ర చెప్పదు మామా" అన్నాను. వాకిలి దగ్గర బల్ల మీద కట్ట అట్లాగే ఉంది. అప్పుడు బాపు లేచాడు. పోయి కట్ట ఎత్తాడు. అయిపోయింది, మొండికేసి మోసుకుపోతాడు, వాళ్లు వెళ్లిపోతారు అనుకున్నాను. కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి బాపు తాడు విప్పుతున్నాడు. కట్టను ఎడమ చంకలో ఇరికించుకుని, బస్సులో టికెట్లు కొట్టినట్టే అందరికంటే వెనక నుంచి మొదలుపెట్టాడు. మనిషికో కంకి. "జరగున్రి, జర లోపలికి జరగున్రి" అంటున్నాడు. చంటిపిల్ల చేతిలోనూ ఒకటి పెట్టి, "ఇక్కడ హాఫ్ లేదు" అన్నాడు. బావి పక్క పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బాపు కంకి చాపి ఆగాడు.

"తీస్కో బావా. ఇంకా మంది ఉన్నరు."

ఏడాదిగా ఆయన్ని బావా అని పిలవలేదు బాపు. పెద్దాయన వెనక కట్టుకున్న చేతులు విప్పాడు. చేయి చాపి కంకి తీసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

నా దాకా వచ్చేసరికి ఒక్కటే మిగిలింది. అది నా చేతిలో పెట్టాడు. ఆయన భుజం మీద ఇంక తాడు ముక్క మాత్రమే ఉంది.

"నీకేది బాపూ?" అన్నాను, నాది విరిచి సగం ఇవ్వబోతూ.

"కండక్టరుకు టికెట్ ఉంటదానే పిచ్చిదానా? నడువు, నడువు" అన్నాడు.

అందరం కంకులు పట్టుకుని పీఠం వైపు కదిలాం. బాపు అందరికంటే వెనక, ఒట్టి చేతులతో వచ్చాడు.